పిన్ని గదిలో గాలి

జూన్ 3

బాబాయ్,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, నా అరుపుకి ల్యాబ్‌లో పక్క బల్లలవాళ్ళు లేచి నిలబడతారు. నలభై ఏళ్ళు రంపం మిషన్ పక్కన పనిచేసిన చెవులు నీవి, వాటితో నాకు పేచీ లేదు. అందుకే కాగితం.

దీంతో పాటు ఒక పెట్టె పంపుతున్నాను. సబ్బు పెట్టెంత ఉంటుంది. మూడేళ్ళుగా నేను చేస్తున్న పనంతా అందులోనే ఉంది కాబట్టి మేకులు వేసుకునే డబ్బా చెయ్యకు. లోపల గోరంత పింగాణీ బిళ్ళ, దాని మీద తగరం కాల్చి చేసిన పొడి పూత. అడుగున చిన్న హీటరు ఆ పూతని పెనంలా వేడిగా ఉంచుతుంది. గాలిలో చెడ్డ ఆవిరి ఉంటే ఆ పూతకి తగులుతుంది, దానిలో కరెంటు నడిచే తీరు మారుతుంది, బయట అంకె కనిపిస్తుంది. ఇలాంటివి బజార్లో బోలెడున్నాయి. కానీ సెంటు చల్లినా, తడిబట్ట ఆరేసినా అవి ఇల్లు కాలిపోతున్నట్టు గగ్గోలు పెడతాయి. నేను కలిపిన పొడి, చెక్క జిగురు నుంచి వచ్చే ఆవిరిని మాత్రమే పట్టుకోవాలి. ఫార్మాల్డిహైడ్ అంటారు దాన్ని. పట్టుకుంటుందో లేదో ఆరు ఇళ్ళలో పెట్టి చూస్తున్నాం. అయిదిళ్ళు మా ల్యాబ్ పెద్దాయన ఎంచారు. ఆరోది నేను అడిగి తీసుకున్నాను.

ఎందుకో చెప్పనక్కర్లేదు. పిన్ని ఆయాసం కొత్తది కాదు. కానీ ఏడాదికి రెండుసార్లు వచ్చేది, కొత్త గదిలోకి మారిన దగ్గర్నుంచి వారానికి రెండుసార్లు వస్తోంది. మొన్న నేను వచ్చినప్పుడు ఆ గదిలో పది నిమిషాలు కూర్చుంటే నా కళ్ళలోంచే నీళ్ళు కారాయి. నువ్వేమో "సిటీలో ఉండి సున్నితమైపోయావు" అన్నావు. నాకు భయంగా ఉంది బాబాయ్. అమ్మానాన్నా పోయాక నాకున్నది మీరిద్దరే.

గదిలో పెట్టి, రోజుకి మూడుసార్లు అంకె చూసి నేను పంపిన గళ్ళ కాగితంలో రాయి. నెలకోసారి పోస్టు చెయ్యి. మా వాళ్ళ సూచనల కాగితం నాలుగు పేజీలుంది, నీకెందుకు ఆ తలనొప్పి, నేనే అరపేజీలో తేలిగ్గా రాసి పెట్టాను.

నీ
బుడంకాయ

జూన్ 14

బుడంకాయా,

నీ సబ్బుపెట్టె అందింది. ఇంత చదివావు కదా, మూత తిన్నగా కూర్చోబెట్టడం ఎవరూ నేర్పలేదా? ఒక మూల లేచి ఉంది. నా దగ్గర పెరిగిన పిల్ల చేసిన పనేనా ఇది అని సిగ్గేసింది. చిత్రిక పట్టి సరిచేద్దామనుకున్నాను గానీ, ముట్టుకుంటే మూడేళ్ళ చదువు పోతుందేమోనని మానేశాను.

అంకెలు: 310, 295, 340, 322. మిగతావి కాగితంలో ఉన్నాయి. ఇవి మంచివా చెడ్డవా? మా రోజుల్లో నూటికి ముప్పై అయిదొస్తే చాలు, ఏనుగు మీద కూర్చోబెట్టి ఊరేగించేవాళ్ళు.

ఇక అసలు సంగతి. నువ్వు డొంకతిరుగుడుగా రాసినా నాకు అర్థమైంది. నా బీరువా మీద అనుమానం నీకు. అమ్మడూ, ఈ ఊళ్ళో నేను చెయ్యని ఇంటి తలుపు లేదు, కట్టని అల్మరా లేదు. మీ పిన్ని మాత్రం ముప్పై ఏళ్ళు కుట్టే గుడ్డల్ని అట్టపెట్టెల్లో దాచుకుంది. ఒక్కనాడు ఇదేమిటని అడగలేదు. అందుకే ఈ గది వేసినప్పుడు గోడ నుంచి గోడకి బీరువా కట్టాను. దారాలకి వేరే సొరుగులు, పట్టీలకి వేరే, కత్తెరలకి తోలు అతికించిన అర. అసలు చెక్క కొనే రోజులు పోయాయి కాబట్టి పొట్టు బోర్డు వాడాను. అందరూ వాడేదే. దాని తలుపు ఒక్క వేలితో తోస్తే మూసుకుంటుంది, చప్పుడు చెయ్యదు. నీకు చూపించాను కూడా.

నా ముక్కుకి ఏ వాసనా తెలియడం లేదు. పాలిష్ పీల్చి పీల్చి అది ఎప్పుడో రిటైరైంది. పైగా నా గురకకి మీ పిన్ని నన్ను ముందు గదిలోకి తోసేసి పదేళ్ళైంది.

బల్ల మీద పెడితే నీ పెట్టె నిలవడం లేదు. గుడ్డ లాగితే దాంతోపాటే కింద పడుతోంది. ఇప్పటికి రెండుసార్లు.

ఉంటాను. వేళకి తిను.

బాబాయి

(పక్కన ఖాళీలో రాస్తున్నాను. అమ్మడూ, అంకెలు చూడకుండానే నేను చెప్పాను. ఆ బీరువా తెరిస్తే ఉల్లిపాయ తరిగినట్టుంది. మీ బాబాయి తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు. నువ్వైనా చెప్పు. — పిన్ని)

జూన్ 21

బాబాయ్,

ఎనభై దాటకూడదు. మీ గదిలో మూడొందలు దాటింది. ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు పిన్ని మంచం ముందు గదిలోకి మార్చు. నీ గురక సంగతి తర్వాత.

నీ పనితనాన్ని ఎవరన్నారు? తప్పు నీది కాదు, జిగురుది. రంపపు పొట్టుని ఆ బోర్డుగా అతికించే జిగురు ఏళ్ళ తరబడి ఆవిరి వదులుతూనే ఉంటుంది. పైన సన్మైకా రేకు అతికించిన చోట కొంచెం ఆగుతుంది. కోసిన అంచులు, వెనక వైపు, స్క్రూ కన్నాలు, ఇవన్నీ తెరిచిన నోళ్ళే. నీ బీరువా గోడంతా ఉంది, గది అగ్గిపెట్టెంత. పిన్ని తలుపు మూసుకుని రోజంతా మిషన్ కుడుతుంది, అక్కడే పడుకుంటుంది.

నిజానికి బీరువా తీసేస్తే మంచిది. నువ్వు తీయవని తెలుసు. కనీసం అంచులన్నీ మూసెయ్యి, గాలి చొరకుండా. కిటికీలు తెరిచి ఉంచు. ఇంకొకటి, నా పెట్టెని ఇంకోసారి పడనిచ్చావో ఊరుకోను. గోడకి గట్టిగా బిగించు, కదలకుండా.

ఇక్కడ పొడి కాల్చే మా కొలిమి పాడై నాలుగు రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నాం. మా పెద్దాయన అటూ ఇటూ తిరిగి టీలు తాగారు. ఆయనకి నీ అంకెలు చూపిస్తే కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. ఆరిళ్ళలో మీదే ఎక్కువ. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. నా పొడి పనిచేస్తోందని సంతోషం, పనిచేస్తున్నది మీ ఇంట్లో అని ఏడుపు.

పిన్నీ, నువ్వే కరెక్ట్. మంచం మార్పించే దాకా ఆయన్ని వదలకు.

బుడంకాయ

జూలై 6

బుడంకాయ గారికి,

తమరి ఆజ్ఞ ప్రకారం మంచం మార్చాను. కాకిపిల్ల కాకికి ముద్దు అని మనసులో అనుకుంటున్నావని తెలుసు. అనుకో. నీ పొడి నీకు ముద్దు కాదా?

రెండు రోజులు కోపంతో ఏ పనీ ముట్టుకోలేదు. మూడో రోజు పొద్దున్నే ఆ గదిలో దిగాను. బీరువా అరలన్నీ ఊడదీసి, ప్రతి అంచు, ప్రతి కీలు, ప్రతి కన్నం మూసేశాను. సందులు మూసే సీలెంటు ఏడు ట్యూబులు పట్టింది. అందరూ పిసికినట్టు పిసకలేదు, గన్ను పెట్టి సన్నటి తీగలాగా లాగి, వేలు తడి చేసి నున్నగా దిద్దాను. ఇప్పుడు దానిలోంచి చీమ కూడా ఊపిరి తీయలేదు. నీ పెట్టెని కిటికీ పక్కన గోడకి అంటించేశాను. దాని లేచిన మూల కూడా అదే చేత్తో సర్దేశాను. భూకంపం వచ్చి ఇల్లు పడినా అది పడదు.

ఇప్పుడు అంకెలు చూడు. మొదటి రోజు నాలుగొందలు దాటితే బెదిరిపోయాను. ఆ తర్వాత దిగడం మొదలెట్టింది. 260, 170, 120, 70. ఈ పొద్దున నలభై ఒకటి. ఏమంటావ్ ఇప్పుడు? జిగురు జిగురు అన్నావు, పనివాడి చెయ్యి పడితే జిగురు నోరు మూసుకోదా?

మీ పిన్ని ముందు గదిలో బాగా నిద్రపోతోంది. నేనే నిద్రపోవడం లేదు, గురక వినపడకుండా మేలుకుని కాపలా కాస్తున్నాను. కుట్టు మిషన్ మాత్రం ఇక్కడ పట్టడం లేదు, మడతబల్ల వేస్తే తలుపు తెరుచుకోదు. కుట్టాల్సిన బట్టలు గుట్టపడ్డాయి.

బాబాయి

జూలై 15

బాబాయ్!

నలభై ఒకటి! ల్యాబ్‌లో అందరికీ చూపించాను. కాగితం చేతులు మారి మారి నలిగిపోయింది. మిగతా అయిదిళ్ళలో ఏం చేసినా పాతికో ముప్పయ్యో తగ్గుతోంది. మీ ఇంట్లో మూడొందల నుంచి నలభైకి. "మీ ఇంట్లోనే ఇంత చక్కగా ఎందుకు దిగింది?" అని పెద్దాయన అడిగారు. "మా బాబాయి పని చూడలేదు మీరు" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో తెలుసా? నువ్వక్కడ ఉండుంటే మీసం మెలేసేవాడివి.

నా పొడి మీద వ్యాసం రాస్తున్నాం. అది అచ్చైతే నా ఉద్యోగం గట్టిపడుతుంది, ఏడాదికోసారి గడువు పొడిగించమని చేతులు నలుపుకోవడం తప్పుతుంది. అందులో ఒక బొమ్మ అంతా మీ గదే. కింద పేరుండదు, "ఆరో ఇల్లు" అని ఉంటుంది.

ఇంకో వారం చూడు. అంకె ఎనభై లోపే నిలిస్తే పిన్ని తన గదిలోకి వెళ్ళొచ్చు. మామూలుగా వాడుతున్న గదిలో, మామూలుగా పడుకునే మనిషితో అంకె ఎలా ఉంటుందో మాకు కావాలి కూడా.

ఏడు ట్యూబులా! ఆ ఊళ్ళో షాపువాడు నీకు దండ వేసుంటాడు.

బుడంకాయ

ఆగస్టు 2

బుడంకాయా,

అంకెలు బంగారం. పద్నాలుగు, పన్నెండు, పదకొండు. ఇక ఎక్కడా చలించడం లేదు. వానలు పట్టుకున్నాయి, కిటికీలు మూసినా అదే పదకొండు.

మీ పిన్నిని గదిలోకి మార్చి వారం దాటింది. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే గొడవ. కళ్ళు మంటంటుంది. గొంతులో గీరుతోందంటుంది. పన్నెండు చూపిస్తే నీ మిషన్‌కి కళ్ళున్నాయా అంటుంది. నేను కాదన్నాను, పిల్ల మూడేళ్ళు కష్టపడి చేస్తే ఒక్క మాటతో కొట్టిపారేస్తావా అన్నాను. ఆ మాటకి ఊరుకుంది. కానీ మొహం ముడుచుకునే ఉంది. నేను ఆ బీరువా కట్టిన దగ్గర్నుంచీ ఆమెకి దాని మీద గుర్రు. ఎందుకో నాకు అర్థం కాదు. ముప్పై ఏళ్ళకి ఒక్కటి చేసిపెట్టాను, అదీ నచ్చలేదు.

నా మాట చెవిటివాడి ముందు శంఖం. ఇక్కడ చెవిటివాణ్ణి నేనే అయినా. నువ్వు చెబితే వింటుంది. నాలుగు ముక్కలు రాయి.

బాబాయి

ఆగస్టు 9

బాబాయ్, ఈ ఉత్తరం పిన్నికి చదివి వినిపించు. లేదా తనకే ఇచ్చెయ్యి, అదే మంచిది.

పిన్నీ,

నీ మీద నాకెంత నమ్మకమో నీకు తెలుసు. జూన్‌లో నువ్వన్నదే నిజమైంది. కానీ ఒకసారి భయపడ్డ చోట మనసు మళ్ళీ మళ్ళీ భయపడుతుంది. పాము కరిచినవాడికి తాడు చూసినా భయమే కదా. గాలిలో ఏమీ లేకపోయినా, ఆ బీరువా చూడగానే నీ కళ్ళకి మంట గుర్తొస్తుంది. వాన తడికి బూజు పట్టుండొచ్చు, గుడ్డల నూగుండొచ్చు. అవి తుడిస్తే పోతాయి. అసలు విషం మాత్రం పోయింది. పదకొండు అంటే బయట వీధిలో గాలి కంటే ఎక్కువేం కాదు. ఇవాళ మీ ఇంట్లో అన్నిటికన్నా శుభ్రమైన గాలి నీ గదిలోదే. నా చదువు మీద ఒట్టు. నాకోసం ధైర్యంగా ఉండు.

బాబాయ్, ఒక చిన్న విషయం. పెట్టెని ఒకసారి వెనక్కి తెప్పించి, ఎంత ఆవిరి ఉందో ముందే తెలిసిన గాలి పట్టించి, అంకె సరిగ్గా చూపిస్తోందో లేదో చూడాలని పెద్దాయన అంటున్నారు. ఇప్పుడు పంపొద్దు. మధ్యలో పది రోజులు ఖాళీ వస్తే బొమ్మలో గీత తెగిపోతుంది. వ్యాసం పంపాల్సింది ఈ వారంలోనే. తర్వాత చూద్దాం.

బుడంకాయ

ఆగస్టు 27

అమ్మడూ,

నీకు ముందు చెప్పలేదు, కంగారు పడతావని. ఇరవయ్యో తారీకు పొద్దున మీ పిన్నికి ఊపిరి అందలేదు. పెదాలు నీలంగా అయిపోయాయి. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అయిదు రోజులు ముక్కుకి గొట్టం పెట్టారు. నిన్నగాక మొన్న ఇంటికొచ్చాం.

డాక్టరమ్మ మంచిది. ఇంట్లో దుమ్ముందా, పొగుందా, కొత్త రంగులేమైనా వేశారా అని అడిగింది. నేను జేబులోంచి నీ గళ్ళ కాగితం తీసి చూపించాను. మా అమ్మాయి చేసిన మిషన్, రోజుకి మూడుసార్లు చూస్తాను అన్నాను. ఆమె ఆశ్చర్యపోయింది. ఇంత జాగ్రత్తగా ఎవరూ ఉండరండీ అంది. అలాగైతే ఆవిణ్ణి ఆ గదిలోనే ఉంచండి, బయటి చల్లగాలి తగలనివ్వకండి అంది. నాకు ఎంత ధైర్యం వచ్చిందో! పక్క మంచంవాళ్ళకి ఇలాంటి మిషన్ ఉందా చెప్పు.

నీ ఉత్తరం ఆమె చదువుకుంది. చదివి మడిచి దిండు కింద పెట్టుకుంది. ఆ తర్వాత గది గురించి గట్టిగా మాట్లాడలేదు. ఎప్పుడైనా ఏదో గొణుగుతుంది, అంతే.

బాబాయి

సెప్టెంబర్ 3

బాబాయ్,

ముందే ఎందుకు చెప్పలేదు? నేనెవరిని మీకు? ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియకపోవడమేమిటి? పక్కింటివాళ్ళ చేత ఫోన్ చేయించొచ్చు కదా!

మన్నించు.  వ్యాసం మీద పత్రికవాళ్ళు ప్రశ్నలు పంపారు, పద్దెనిమిదిలోగా జవాబివ్వాలి. పంతొమ్మిదిన బయల్దేరతాను. అప్పటిదాకా డాక్టరమ్మ చెప్పినట్టే చెయ్యి. గది మార్చకు, కిటికీలు తెరవకు. పంతొమ్మిదిన వచ్చేస్తున్నానని పిన్నితో చెప్పు.

బుడంకాయ

సెప్టెంబర్ 30

అమ్మడూ,

నువ్వు వెళ్ళి రెండు వారాలైంది.  కుట్టడానికిచ్చిన బట్టల కోసం ఒక్కొక్కరే వస్తున్నారు. పేర్లు రాసిన చీటీలు ఆమెవే, గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. సగం కుట్టిన వాటిని కూడా అలాగే ఇచ్చేస్తున్నాను.

పదకొండో తారీకు పొద్దున టీ తీసుకెళ్తే లేవలేదు. నీకు ఫోన్ చేయించాను, నువ్వు వచ్చావు, ఉన్న నాలుగు రోజులూ ముందు గది దాటలేదు. ఆ గది తలుపు నువ్వు తీయలేదు, నేనూ తీయమనలేదు. నీతో ఒక మాట చెప్పాలనుకున్నాను గానీ ఏడుపొచ్చి చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఊపిరి ఆడని మనిషి పోతే, ఉన్నవాళ్ళకి జన్మంతా ఒకటే దిగులు ఉంటుంది. సరైన గాలైనా ఇవ్వలేకపోయామే అని. నాకు ఆ దిగులు లేకుండా చేశావు తల్లీ. చివరి రోజుల్లో మీ పిన్ని రాణిలాగా శుభ్రమైన గాలి పీల్చింది. పోయిన పొద్దున కూడా చూశాను, పదకొండే ఉంది. దాన్ని పట్టుకునే బతుకుతున్నాను. నువ్వు మాకు కూతురివి కాదన్నవాడి నోట్లో మన్ను.

నీ మిషన్ గోడ నుంచి ఉలితో జాగ్రత్తగా ఊడదీసి పంపుతున్నాను. గోడ పెచ్చు ఊడింది గానీ దానికి గీతైనా పడలేదు.

బాబాయి

అక్టోబర్ 12

బాబాయ్,

నాలుగు రోజుల నుంచి ఈ ఉత్తరం రాస్తూ చింపేస్తున్నాను. నిన్నటిదాకా పంపకూడదనే అనుకున్నాను. నువ్వు పట్టుకుని బతుకుతున్న ఒక్క మాటనీ ఊడబెరకడానికి నేనెవర్ని? కానీ రోజూ ఆ పెట్టె నా బల్ల మీద ఉంటోంది. దాన్ని చూస్తూ నీకు అబద్ధం చెప్పలేను.

పార్సిల్ విప్పగానే చూశాను. మూత అంచు చుట్టూ, అడుగున, తెల్లగా, నున్నగా, గాజులాగా మెరుస్తూ. నువ్వు వేలితో దిద్దిన గీత. సిలికాన్. ఏడు ట్యూబులు.

బాబాయ్, సిలికాన్ ఆరేటప్పుడు ఒక ఆవిరి వదులుతుంది. మనిషికి దాంతో పెద్ద ప్రమాదం లేదు. నా పూతకి అది చావు. వేడి పూత మీద గాజు పొరలాగా పేరుకుపోతుంది, ఇక ఏ గాలీ దానికి తగలదు. తెలిసిన గాలి పట్టించి చూశాను. అయిదొందలు పట్టించాను. పదకొండు చూపించింది. వెయ్యి పట్టించాను. పదకొండే.

గాలి శుభ్రపడలేదు. జూలై మొదటి వారంలోనే నా మిషన్ చచ్చిపోయింది. గదిలో విషం ఎంతుందో ఆ తర్వాత ఎవరికీ తెలియదు. వానలు, మూసిన కిటికీలు, తడి. అంచులు మూసినా జూన్ కంటే ఎక్కువే ఉండి ఉండొచ్చు. పిన్ని పోయింది దానివల్లేనా అంటే డాక్టరమ్మ కూడా చెప్పలేదు, నేనూ చెప్పలేను. కానీ కళ్ళు మంటన్నప్పుడు మంట ఉన్నమాటే. నేను ఒట్టు వేసి లేదని రాశాను. నా చదువు మీద.

నువ్వు తప్పు చేశావని అనుకోకు. మా నాలుగు పేజీల కాగితంలో మూడో పేజీలో ఉంది: "సిలికాన్ జిగుర్లు, సీలెంట్లు ఈ పరికరం ఉన్న గదిలో వాడరాదు." నీకోసం అరపేజీ చేసినప్పుడు ఆ వాక్యం నేనే తీసేశాను. మా బాబాయికి ఇవన్నీ ఏం తెలుస్తాయిలే అని. ఊళ్ళో అందరికంటే సిలికాన్ బాగా తెలిసిన మనిషికి! ఏడు ట్యూబులని నువ్వు రాశావు కూడా. చదివి నవ్వుకున్నాను. పెద్దాయన వెనక్కి తెప్పించమన్నప్పుడు బొమ్మలో గీత తెగుతుందని వద్దన్నాను. ఏది తలుచుకున్నా చివరికి నా దగ్గరికే వస్తోంది.

వ్యాసం వెనక్కి తీసుకున్నాం.  

నన్ను తిట్టు బాబాయ్. ఏదో ఒకటి రాయి.

బుడంకాయ

నవంబర్ 20

బుడంకాయా,

నెల దాటింది. జవాబు రాయకపోతే నువ్వు ఏమైపోతావో తెలుసు. అయినా రాయలేకపోయాను.

మొదటి వారం నీ మీద కోపం. దాచను. తప్పు చేసినందుకు కాదు, చెప్పినందుకు. ముసలివాడికి మిగిలిన ఒక్క మాట, అదీ లాక్కున్నావే అని తిట్టుకున్నాను. ఎదురుగా ఉండుంటే చెయ్యి చేసుకునేవాణ్ణేమో. తర్వాత ట్యూబు మీద కోపం. భూతద్దం పెట్టి దాని మీది చిన్న అక్షరాలన్నీ చదివాను. బాత్రూముల గురించి ఉంది, గాజు కిటికీల గురించి ఉంది. ఆ తర్వాత ఇక కోప్పడడానికి నేనే మిగిలాను.

బీరువా విప్పేశాను. అతుకులు అంత గట్టిగా ఎందుకు వేశానో, విప్పడానికి మూడు రోజులు పట్టింది. పలకలు పెరట్లో వానకి ఉబ్బుతున్నాయి.

నువ్వొక వాక్యం తీసేశానని ఏడుస్తున్నావు. నేనేం చేశానో విను. నీ గళ్ళ కాగితాల నకళ్ళు నా దగ్గరున్నాయి కదా, అవి తీశాను. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రోజుకి మూడు అంకెలు. ఒక్క గడి ఖాళీ లేదు. ఆమెని ఆస్పత్రిలో పడుకోబెట్టి, మధ్యాహ్నం అంకె కోసం ఇంటికి వచ్చి రాసుకుని వెళ్ళినవాణ్ణి నేను. ఆమె చెప్పింది ఒక్కటీ రాయలేదు. పక్కన బోలెడు చోటుంది. తోచలేదు.

ఈ పది రోజులు కూర్చుని, గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు ఆ అంకెల పక్కన రాశాను. తేదీలు ఒకటి అరా అటూఇటూ ఉండొచ్చు. ఆ కాగితాలు ఈ కవర్లోనే ఉన్నాయి. మీ పెద్దాయనకి ఇవ్వు. మీరు మళ్ళీ వ్యాసం రాస్తే ఆరో ఇంట్లో ఇవి కూడా పెట్టమను. ఎక్కడ పెట్టాలో మీకు తెలియకపోతే నాకూ తెలియదు. కానీ పెట్టాలి.

చాలా ఉన్నాయి. జూన్ ముప్పై, ముందు గదిలో: "ఈ వారం నిద్రపట్టింది" అంది. జూలై నాలుగోవారం, గదిలోకి వెళ్ళిన మర్నాడు: "ఏదో పుల్లటి వాసన" అంది. ఆ నెలాఖరుకి సూదిలోకి దారం ఎక్కించుకోవడానికి ముందు గదిలోకి రావడం మొదలెట్టింది. ఎందుకంటే, "ఇక్కడైతే కన్నం కనపడుతోంది" అంది. ఆగస్టు పధ్నాలుగు, నీ ఉత్తరం చదివాక: "అమ్మాయి అంత గట్టిగా రాసింది, నేనే తప్పేమో" అంది.

సెప్టెంబర్ పది, సాయంత్రం: "ఒక్కసారి నువ్వు ఇక్కడ పడుకుని చూడు" అంది. నేను గోడ వైపు చూశాను. పదకొండు ఉంది. అది రాసుకుని, కిటికీ గడియ వేసి వచ్చేశాను.

బాబాయి